పదకొండు నిమిషాల నా మొహం

ప్రియమైన అక్కయ్యకు,

నీ మోకాళ్ల సంగతి అడిగి మొదలుపెట్టాల్సింది. కానీ ముందు ఒక సంగతి కక్కేస్తాను.

గొడుగులు బాగుచేసే అతన్ని రోడ్డవతల పోలీసులు కొడుతుంటే, నా గడియారాల షాపులో నిలబడి వీడియో తీశాను. అందుకే నన్ను లోపలేశారు. కాగితాల్లో మాత్రం నేను రోడ్డు దాటొచ్చి ఇన్‌స్పెక్టరుని తోశానని రాసుకున్నారు! బయటికొచ్చాక నేనే వాళ్ల మీద కేసు వేశాను. "మొత్తం నా ఫోన్లో ఉంది" అని బజారంతా చాటాను. కోర్టు చెబితే నిన్న ఫోను తిరిగిచ్చారు.

అక్కా, అందులో ఉన్నది నా మొహం. పదకొండు నిమిషాలూ నా మొహమే.

కంటికి పెట్టుకునే భూతద్దాన్ని నుదుటి మీదికి తోసి, షాపంతా వెతుక్కోవడం నాకలవాటు. (ఒకసారి అది కంటికి ఉండగానే దానికోసం వెతికాను, ఆ కథ వేరు.) అందుకని ఫోన్లో కెమెరా నా వైపు తిప్పి అద్దంలా వాడతాను. ఆరోజూ అలాగే ఉంది. నేను చూసింది రోడ్డుని, ఫోన్ని కాదు.

లాఠీ లేదు, గొడుగులతను లేడు. వచ్చేవారం లాయరమ్మకి ఏ మొహం పెట్టుకుని చూపించను? కేసు మానుకుందామనుకుంటున్నాను. నీకొక్కదానికే చెప్పాను.

ఒక్కచోట నిలవడని నువ్వే పేరు పెట్టిన
నీ లోలకం

*

అక్కయ్యా,

"దాచావంటే చెవి మెలిపెడతా" అని నువ్వు రాసిన జవాబు చదివి, చెవి తడుముకుంటూ వెళ్లాను. లాయరమ్మ రెండుసార్లు చూసి పడీపడీ నవ్వింది.

"తాతగారూ, మీరు షాపు దాటలేదని ఇంతకన్నా ఏ సాక్ష్యం చెబుతుందండీ!"

కోర్టులో పెద్ద తెర మీద వేశారు. నా ముక్కు గుమ్మమంత ఉంది. వెనక గోడ నిండా గడియారాలు. బయట దెబ్బల చప్పుడు, "కొట్టకండి సార్" అని గొడుగులతని ఏడుపు. కాసేపటికి ఇన్‌స్పెక్టరు గొంతు: "ఏయ్ ముసలాడా, ఫోనాపు!"

"నా షాపులో నేను నిలబడ్డానండీ."

కౌంటరు మీదుగా ఒక చెయ్యొచ్చి నా కాలరు పట్టుకుంది. అంతే, తెర నల్లబడింది.

"మరి ఈయన తోసిందెప్పుడు?" అని జడ్జిగారు అడిగితే, ఇన్‌స్పెక్టరు పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు.

గెలిచామక్కా! దూరంగా నిలబడి పోలీసుల్ని వీడియో తీయడం ఎవరికైనా ఉన్న హక్కేననీ, నా అరెస్టు చెల్లదనీ తీర్పు. ఆ చప్పుళ్లు సాక్ష్యంగా గొడుగులతని ఫిర్యాదూ తీసుకున్నారు. బయటికి రాగానే అతను నన్ను అమాంతం ఎత్తేశాడు. భూతద్దం ఎగిరిపోయింది, కోర్టు మెట్ల మీద లాయర్లందరూ వెతికారు.

తీర్పు నకలు పంపుతున్నాను. మూడో పేజీలో, "వాది పదకొండు నిమిషాలూ ఉన్నచోటి నుంచి కదలలేదు" అని ఉంది. కోర్టు ముద్ర కూడా ఉంది, బాగా చూసుకో. ఇక ఆ పేరు మార్చు.

కదలని
నీ తమ్ముడు