ఖాజా సైగ

ఫిబ్రవరి 3, సోమవారం
ఆదివారం హాకీ టోర్నీ ఫైనల్, పెనుకొండలో. హిందూపురం, మా ధర్మవరం. ఊరికొక అంపైర్ — వాళ్ల తరఫున ఖాజా, మా తరఫున నేను. పద్దెనిమిదేళ్లుగా ఇదే జోడీ. మనసు తేలికపడింది. మోకాలే మాట వినడం లేదు.

ఫిబ్రవరి 6, గురువారం
మగ్గం దిగి గంట నడక. రూల్సు పుస్తకం మళ్లీ తిరగేశాను. మా ఆవిడ లక్ష్మి నవ్వుతోంది — పెళ్లికొడుకులా తయారవుతున్నానట.

ఫిబ్రవరి 8, శనివారం
ఖాజాతో ఫోన్. నా వైపు గోల్ దగ్గర నాకు కనపడనిది తను చెప్పాలి. చెయ్యి ఛాతీ మీద పెడితే గోల్ సరైనదే.
"నాపక్క చూడబ్బా చాలు, నేనుండా గదా" అన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం
ఓడిపోయాం. మావాళ్లు నాతో మాట్లాడకుండానే రైలెక్కారు.
ఒకటి–ఒకటి. ఆఖరి రెండు నిమిషాలు. పొద్దున నేనే దగ్గరుండి సున్నంతో గీయించిన, గోల్ ముందరి డీ గీత దుమ్ములో కలిసిపోయింది. హిందూపురం వాళ్ల దెబ్బ... బంతి వలలో. డీ లోపలి నుంచి కొడితేనే గోల్. గుంపు అడ్డం, నాకు కనపడలేదు. ఖాజా వైపు చూశాను. చెయ్యి ఛాతీ మీద. గోల్ ఇచ్చాను.
సాయంత్రం మా కెప్టెన్ శీనా ఇంటికొచ్చి ఫోన్‌లో వీడియో చూపించాడు. డీకి గజం బయట.

ఫిబ్రవరి 10, సోమవారం
అమ్ముడుపోయానట. టీ అంగట్లో నేను కూర్చోగానే బెంచీ ఖాళీ.
ఖాజా ఫోన్ ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం
టోర్నీ పెద్దలు ఖాజాను అడిగారట. "నేనేం సైగ జెయ్యలేదు. ఆయప్పే ఇచ్చినాడు" అన్నాడట. శీనా ఈ మాట మోసుకొచ్చాడు, నా మొహం చూస్తూ నిలబడ్డాడు.
సరిగ్గా చూసి ఉండడు, సరే. నాకూ జరిగింది ఎన్నోసార్లు. సైగ చేశానని ఒప్పుకుంటే ఏం పోయేది?

ఫిబ్రవరి 13, గురువారం
ఖాజా వచ్చాడు. ఇంటికి రాలేదు, స్టేషన్‌కు రమ్మన్నాడు. సరిగ్గా చూడలేదంటాడనుకున్నా...
"బయటే కొట్టినారని నాకు తెల్సబ్బా. చుట్టూ మా ఊరోళ్లే. నేను ఇంటికి పోవల్ల గదా."
తెలిసే చేశాడు. నన్ను చూస్తూ చేశాడు.
ఈ ఆదివారం విచారణలో పెద్దల ముందు ఈ మాట ఎత్తొద్దని చేతులు పట్టుకున్నాడు. సరేననలేదు. కాదనీ అనలేదు. అతనికి టికెట్ తీసిచ్చింది కూడా నేనే. ఏం మనిషిని నేను?

ఫిబ్రవరి 15, శనివారం
రేపు పది గంటలకు పెనుకొండ. నోరు విప్పకపోతే నా పేరు కొట్టేస్తారు, ఇక విజిల్ పట్టనివ్వరు. విప్పితే, ఖాజా సైగ చేశాడనడానికి సాక్ష్యం లేదు. ఉన్నదల్లా అక్కడ ఎదురుగా కూర్చునే ఖాజా మొహం.
లక్ష్మికి అంతా చెప్పాను. విని అడిగింది —
"ఆయప్ప ఇంటికి పోవల్లన్న్యాడు, సరే. గోల్ ఇచ్చి నువ్వు యాడికి వచ్చినావు, ఇంటికే గదా?"