బ్యాటరీకి ఇచ్చిన ఎర్తు

నువ్వు చేసిన తప్పును నా మీదికి తోశావు, ఏకాంబరం మామా.

నీ షెడ్డులో ఇలియాస్ గారి కొత్త వ్యానుకు లైట్లు, పాటల సెట్టు బిగించేటప్పుడు బండి పుస్తకంలో బొమ్మ చూపించాను. బ్యాటరీ నెగటివ్ మీద కరెంటు లెక్క చూసే సెన్సరుంది, ఎర్తు వైరు బాడీ బోల్టుకే ఇవ్వాలన్నాను. "ముప్పై ఏండ్లుగా బ్యాటరీకే ఇస్తాండా, నాకు సదువు సెప్పొద్దు" అని నువ్వే బిగించావు. ఆ వైరులో పోయే కరెంటు తెలియక, బ్యాటరీ నిండుగా ఉందనుకుంది సెన్సరు. ఛార్జింగ్ తగ్గి, పెండ్లివాళ్ళతో పాకాల దగ్గర వ్యాను ఆగిపోయింది.

"మా నరేంద్ర తెలీక బిగించేసినాడప్పా" అని నువ్వు ఇలియాస్ గారితో అన్నప్పుడు, నేను వ్యాను కిందే పడుకుని ఆ వైరును బాడీకి మారుస్తున్నాను. ఇప్పుడు చిత్తూరులో ఎవరూ నా చేతికి బండి ఇవ్వడం లేదు.

శుక్రవారంలోగా ఆయనకు నిజం చెప్పి, చెప్పినట్టు నాకు జాబు రాయి.

నరేంద్ర