మూడో పేరు

విశాఖపట్నం,
11 ఫిబ్రవరి 1998.

ప్రియమైన బేబీ,

వ్యాసం పూర్తయింది. టైపు చేయిస్తే పద్నాలుగు పేజీలు వచ్చింది. రెండేళ్ళు నువ్వు కొండెక్కి దిగిందంతా అందులో పట్టేసిందంటే నాకే వింతగా ఉంది. తేలిన సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఒకే వారంలో విత్తి, ఒకే రోజు కోసినా, మీ ఎగువ ఊరి సామ గింజ దిగువ ఊరి గింజకన్నా బరువుగా ఉంది. అంటే మీ విత్తనంలోనే ఏదో గుణం ఉందన్నమాట. మా గైడు సూర్యనారాయణ గారు నీకు గుర్తుండే ఉంటారు, జీపు దిగకుండానే మీ ఊరు చూసి వెళ్ళారు. ఈ మాట విని ఆయన మొదటిసారి నాకు కాఫీ తెప్పించారు.

కాఫీ సగంలో ఉండగా పేర్ల సంగతి వచ్చింది. వ్యాసం మీద మొదటి పేరు ఆయనది. రెండోది నాది. మూడోది కామేష్‌ది. అతను మా లాబ్‌లో ఇంకో స్టూడెంటు, రెండు మధ్యాహ్నాలు కూర్చుని కంప్యూటర్లో లెక్కలు వేశాడు. నీ పేరు ఆఖరి పేజీలో, కృతజ్ఞతల్లో, జీపు డ్రైవరు పేరు కింద. "బేబి అంటే ముద్దుపేరా? అసలు పేరు కనుక్కో" అన్నారు సర్. అదే అసలు పేరని చెప్పాను. ఆయన నవ్విన తీరు నీకు రాయను.

చేలు ఎంచింది నువ్వు. అంగన్‌వాడీలో పిల్లలకి వండిపెట్టి, ఆ తర్వాత వెళ్ళి వెన్నులు కోసింది, ఎండబెట్టింది, సంచుల మీద నంబర్లు వేసింది నువ్వు. నేను వచ్చింది ఏడుసార్లు. జూన్‌లో లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. అచ్చుకి వెళ్ళిన వ్యాసం ఒక్కటైనా లేకపోతే నేను లోపలికి వెళ్ళడం దండగ. కాబట్టి నోరు మూసుకోవడం మంచిది. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్ వార్డెన్ దగ్గర నేను ఎంత నోరు మూసుకున్నానో నీకు తెలుసు.

అడిగి తీరతాను.

నీ రూమ్మేటు,
బిందుమాధవి

*

ఎగువ ఊరు,
26 ఫిబ్రవరి 1998.

బిందూ,

'ప్రియమైన' అని రాయబోతే నవ్వొచ్చింది. రాశాననుకో.

నీ ఉత్తరం మా నాయనమ్మకి చదివి వినిపించాను. రాజులమ్మ సంగతి తెలుసుగా. "పుస్తకంలో నీ పేరేత్తారా? ఏటి సేత్తావే గుంటా దాన్ని? కూరలో ఏసుకుంతావా?" అంది. కాసేపు అడ్డాకులు కుట్టుకుని, "ఇంటిపేరు కూడా ఏత్తారేటి?" అంది.

నాకూ అదే అడగాలని ఉంది. కానీ నా కోసం గొడవ పెట్టుకోకు. ఆయనతో చెడితే నీ ఇంటర్వ్యూ పోతుంది. డ్రైవరు కింద నా పేరుంటే నాకేం చిన్నతనం లేదు. పాపం, రెండుసార్లు టైరు మార్చాడు.

మా నీలం గొర్రెపిల్లని ఈనింది. ఇంతకన్నా వార్తలు లేవు.

ఉంటాను మరి,
బేబి

*

విశాఖపట్నం,
20 మార్చి 1998.

ప్రియమైన బేబీ,

గెలిచాను. సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏమ్మా, కొడవలి పట్టిన వాళ్ళందరూ రచయితలైతే, మా ఇంట్లో పాలు పోసే సింహాచలం కూడా నా పుస్తకాలకి రచయితే" అన్నారు సర్.

"పాల మీద రాసిన పుస్తకమైతే వేయాల్సిందే సర్" అన్నాను.

కామేష్ దగ్గాడు. నేను పత్రిక వాళ్ళ నిబంధనల పేజీ తీసి బల్ల మీద పెట్టాను. సమాచారం సేకరించి, దానికి జవాబు చెప్పడానికి సిద్ధపడేవాళ్ళే రచయితలని అందులో ఉంది. సర్ ఆ పేజీని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, మూడోది వెయ్యి. కామేష్‌ది నాలుగు" అన్నారు. కామేష్ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. లాబ్ ప్రశాంతంగా ఉంది.

కిల్లో బేబి. ఇంటిపేరుతో సహా. రాజులమ్మకి చెప్పు.

ఇందులో ఒక ఫారం పెట్టాను. పేరున్న ప్రతి ఒక్కరూ వ్యాసం మొత్తం చదివి, 'ఇందులో ఉన్నది నిజం, దీనికి నేనూ బాధ్యురాలిని' అని సంతకం పెట్టాలి. నీ కోసం వ్యాసాన్ని తెలుగులో రాశాను, తొమ్మిది పేజీలు. నా దస్తూరీ భరించి చదివి బేగి పంపు. 'బేగి' అని రాశాను, చూశావా?

విజయగర్వంతో,
బిందు

*

విశాఖపట్నం,
24 ఏప్రిల్ 1998.

ప్రియమైన బేబీ,

నెల దాటింది. ఫారం రాలేదు. "మీ రచయిత్రి గారి సంతకం వచ్చిందా?" అని సర్ రోజూ అడుగుతున్నారు. ఆ 'గారి' దగ్గర కాస్త ఆగుతారు. మే నెల మధ్యలో వ్యాసం వెళ్ళకపోతే ఇంటర్వ్యూకి నా చేతిలో ఏమీ ఉండదు. ఒంట్లో బాగాలేదా? జ్వరమైతే ఎవరిచేతైనా రాయించు. కోపమైతే నువ్వే రాయి.

ఎదురుచూస్తూ,
బిందు

*

ఎగువ ఊరు,
3 మే 1998.

ప్రియమైన బిందూ,

ఈసారి నవ్వు రాలేదు.

జ్వరమూ లేదు, కోపమూ లేదు. ఫారం ఖాళీగానే పంపుతున్నాను.

నాలుగో పేజీలో 'రెండేళ్ళూ రెండు ఊళ్ళలోనూ అక్టోబర్ 6నే కోశాం' అని రాశావు. దిగువ ఊళ్ళో ఆ రోజే కోశాను. మా ఊళ్ళో కోయలేదు. దిగువ ఊరు మాకు అన్న ఊరు. అక్కడి తమ్ముడొకడు పైకొచ్చి కట్టుకున్నదే మా ఊరు. అన్న ఊళ్ళో కొత్త పండగ అయ్యి, వాళ్ళు కొత్త సామ తిన్నాక, ముహూర్తాలు పెట్టే మా దిసారి మళ్ళీ మంచిరోజు చూస్తేనే ఇక్కడ చేలో కొడవలి పడుతుంది. అంతవరకు ఒక్క వెన్ను తెంపినా నాయనమ్మ నన్ను గడప తొక్కనివ్వదు. నేనూ తెంపను. మొదటి ఏడు పదకొండు రోజులు ఆగాను, రెండో ఏడు తొమ్మిది.

మీరు నింపమని ఇచ్చిన కాగితాల మీద కోత తేదీ ముందే టైపు చేసి ఉంది. మా అంగన్‌వాడీ రిజిస్టర్లూ అంతే. ఒకటో తారీఖు గడిని ఐదో తారీఖున నింపినా అది ఒకటో తారీఖు గడే. కొట్టేసి రాస్తే సూపర్‌వైజరు తిడుతుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. మీ లెక్కంతా ఆ తేదీ మీదే నిలబడిందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నువ్వు పంపిన తెలుగు చదివేదాకా మనం ఏం వెతుకుతున్నామో నాకు సరిగ్గా తెలియదు బిందూ.

మా గింజలో ఏ గొప్పా లేదేమో. ఇంకో పది రోజులు చేలో నిలబడి గట్టిపడింది, అంతే.

మొన్న సంతలో దిగువ ఊరి సోములమ్మ పట్టుకుంది. "ఏటే, మీ ఇత్తనం గొప్పదని యూనివర్సిటీవోలు సెప్పినారట? మాది తిండికి ఊడ్సేసి మీది జల్లుకుంతాం, ఇత్తావా?" అంది. పకోడీలు కొనిపెట్టి మాట మార్చాను.

సంతకం పెడితే నీకు ఉద్యోగం వస్తుందని తెలుసు. నాకూ పేరు కావాలనే ఉంది, అబద్ధమెందుకు. కానీ సంతకం గీత పైన 'నిజం' అని ఉంది.

తిట్టాలనుంటే తిట్టు,
బేబి

*

విశాఖపట్నం,
24 జూన్ 1998.

ప్రియమైన కిల్లో బేబికి,

తిట్టాను. తిడుతూ రాసిన ఆ రెండు ఉత్తరాలూ పోస్టు చేయకుండా చింపేశాను.

తర్వాత నా డైరీ తీశాను. రెండేళ్ళూ మీ ఊళ్ళో కొత్త పండగకి వచ్చి రాజులమ్మ పక్కన కూర్చుని భోజనం చేశాను. రెండుసార్లూ అక్టోబర్ 6 దాటాకే. పండగకి ముందే దిగాను కాబట్టి, మీ చేలు ఇంకా కోయలేదని కళ్ళతో చూశాను. అయినా ఆ నాలుగో పేజీ రాసినప్పుడు నాకేమీ తట్టలేదు.

నీ ఉత్తరం సర్‌కి చదివి వినిపించాను. ఆయన శాంతంగా విన్నారు. "ఆ అమ్మాయి పేరు తీసెయ్. పేరు లేకపోతే సంతకం అక్కర్లేదు. సంతకం అక్కర్లేకపోతే ఈ ఉత్తరంతో మనకి పని లేదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా సంతకం మార్చిలోనే తీసుకున్నారు కాబట్టి నా ఒప్పుకోలుతో ఆయనకి పని పడలేదు. మే 18న వ్యాసం వెళ్ళిపోయింది. కామేష్ మళ్ళీ మూడో పేరయ్యాడు, మళ్ళీ నాతో మాట్లాడుతున్నాడు.

పదిహేనున ఇంటర్వ్యూ జరిగింది.

"మీ ప్రచురణలు?"

"ఏమీ లేవండి."

"మీ గైడు గారు ఒకటి పంపారని చెప్పారే?"

"అది తప్పండి. తేదీలు సరిపోవు."

ఒకాయన గడియారం చూసుకున్నారు. ఉద్యోగం ఇంకొకరికి వచ్చింది. ఏడుస్తాననుకున్నాను గానీ, బయటికొచ్చి సోడా తాగి బస్సెక్కాను.

నలుగురు రచయితల్లో వ్యాసాన్ని చదవాల్సినట్టు చదివింది ఒక్కరే. తీసేసింది ఆ ఒక్కరి పేరే. ఇది నాకు కోపంగా కూడా లేదు. లెక్క తప్పితే ఎలా ఉంటుందో అలా ఉంది, సరిచేసేదాకా ఇంకో పని తోచదు.

ఈ కవరులో పత్రిక ఎడిటరు గారికి ఒక ఉత్తరం ఉంది. ఇంగ్లీషుది ఒక పేజీ, దాని తెలుగు ఇంకో పేజీ. ఏ ఊళ్ళో ఎప్పుడు కోశామో, ఎందుకు ఆగామో, కాబట్టి వ్యాసం ఎందుకు వేయకూడదో అందులో రాశాను. మీ ఊరి కోత తేదీలు మాత్రం ఖాళీగా వదిలాను. లెక్క కట్టగలను గానీ, కోసింది నువ్వు, నువ్వే నింపు. సోములమ్మకి కూడా ఈ తెలుగు పేజీ చదివి వినిపించు. వాళ్ళ విత్తనం వాళ్ళని ఉంచుకోమను.

కింద రెండు సంతకాలకి చోటుంది. మొదటిది నీది. మొహమాటానికి కాదు, ఈ సంగతి కనిపెట్టింది నువ్వు. ఇది పోస్టయ్యాక ఆ లాబ్‌లో నాకు కుర్చీ ఉండదు. అది నీ బెంగ కాదు, నేను చూసుకుంటాను.

మొత్తం చదువు. ఒక్క మాట నిజం కాకపోయినా సంతకం పెట్టకు.

రెండో పేరు,
బిందుమాధవి