పాకం మళ్ల పొయ్యి మీద పెట్టకు

అత్తమ్మా,

దొంతన్‌పల్లి బస్సుకు టైమయింది, కాలేజీకి పోతున్న. వంటింట్ల పెద్ద పళ్లెంల క్యారమెల్ ఆరబెట్టిన. ఫ్రిజ్‌ల పెట్టకు. పదకొండింటికి కత్తికి జర నెయ్యి రాసి చిన్న చిన్న ముక్కలు కొయ్యి. పక్కన బటర్ పేపర్ చింపి పెట్టిన, ఒక్కొక్క ముక్క అండ్ల చుట్టు. వేలు పెడితే దిగుతది. అది గట్లనే ఉండాలె.

పోయినసారి "ఇదేం పాకం, ముదరనే లేదు" అని నేను లేనప్పుడు మళ్ల పొయ్యి మీద పెడితివి. రాళ్లయినయి. మామయ్య రోకలిబండతోని పగలగొట్టిండు. గంటసేపు నిలబడి కలిపిన, ఏడుపొక్కటే తక్కువ నాకు. అరిసెల పాకంల నీ అంత ఎవరికీ రాదు, ఒప్పుకుంట. ఇది అరిసెల పాకం కాదు.

అన్నం వండిపెట్టిన. తిన్నంక గోళీ ఏసుకునుడు మరువకు.

మనోజ్ఞ

ఇంకొక మాట. ఈ క్యారమెల్ కాలేజీ మేడములకని చెప్పిన గాని, అబద్ధం. పళ్లు పీకించుకున్నప్పటి సంది నువ్వు అరిసె చాయ్‌ల నానబెట్టుకొని తింటున్నవు, చూస్తనే ఉన్న. ఇవి నోట్లనే కరుగుతయి. అన్నీ నీకే. మామయ్యకు ఒక్కటే ఇయ్యి, ఆయన పళ్లు మంచిగనే ఉన్నయి.