మన ఏసీ మీద ఒక ఫిర్యాదు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ వదినా నేనూ క్షేమం. క్షేమమని రాస్తుంటే పక్కగదిలో మీ అక్కగారి దగ్గు వినిపించింది గానీ, కంగారు పడకండి, అది తగ్గుముఖం పట్టింది. దాని కథ కింద రాస్తాను. అక్కడ మీరూ, మీ గదిలోని ఆ నలుగురూ క్షేమమని తలుస్తాను.

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరాల గొడవేమిటని వాళ్ళు నవ్వుతున్నారని రాశారు. నవ్వనివ్వండి. నేను ఫోనులో "భోంచేశారా?" అని అడిగితే మీకంటే ముందు ఆ నలుగురూ "అయిందండీ" అంటారు. మంచివాళ్ళే, కాదనను. కానీ వాళ్ళందరికీ వినిపించేలా మాట్లాడాలంటే నాకు కుశలప్రశ్నలకు తప్ప నోరు పెగలదు.

మీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ మన ఏసీకే కేటాయించారు. చిట్టచివర, చోటు మిగిలింది కదా అన్నట్టు, కంపెనీవాళ్ళు మీ కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామంటున్నారనీ, నెలాఖరులోగా సంతకం పెట్టాలనీ, "నువ్వేమంటావు?" అనీ అడిగారు. అసలు దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను. దాన్ని చివరికి ఉంచుకున్నాను. కాబట్టి ముందు మీకిష్టమైన ఏసీతోనే మొదలుపెడతాను.

నీళ్ళు ఏ పక్కనుంచి కారుతున్నాయని అడిగారు. ఎడమ పక్కనుంచి. మంచం ఇవతలికి జరిపి కింద బకెట్ పెట్టుకున్నాం. చప్పుడు ఎలా ఉందని అడిగారు. మీ గురకలా ఉండేదని రాద్దామనుకున్నాను, తీరా ఆలోచిస్తే మీ గురక ఎలా ఉండేదో సరిగ్గా గుర్తు రాలేదు. అందుకని గరగరమనేదని రాస్తున్నాను. కరెంటు బిల్లు పోయిన వేసవికంటే మూడోవంతు పెరిగింది. చల్లదనం మాత్రం సగానికి సగం పడిపోయింది.

ఇద్దరు మనుషులున్న ఇంట్లో నీకు ఒంటరితనమేమిటని మీరు అనుకుంటారు. వదినకు ఆసుపత్రి వంటగదిలో రాత్రి డ్యూటీ, నాకు లాండ్రీలో పగటి డ్యూటీ. ఆవిడ వచ్చేసరికి నేను చెప్పులు వేసుకుంటూ ఉంటాను. గుమ్మంలో తాళంచెవి చేతులు మారుతుంది, అంతే. ఒకే మంచం మీద ఇద్దరం పడుకుంటాం, కానీ ఎప్పుడూ ఒకేసారి కాదు. నేను పడుకునేసరికి దిండు మీద ఆవిడ తల పెట్టిన గుంట అలాగే ఉంటుంది. మనసారా మాట్లాడుకునేది ఆదివారం ఒక్కరోజే.

లాండ్రీలో రోజంతా ఎవరెవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తాను. ఎప్పుడైనా మీ కొలత చొక్కా వస్తే మడతపెట్టాక కూడా కాసేపు చేతిలోనే ఉంచుకుంటాను. మొన్న మా యజమానురాలు చూసి, "ఏమ్మా, మరక పోలేదా?" అంది. పోలేదండీ అన్నాను.

ఇక దగ్గు సంగతి. వేసవి మొదట్లో వదినకు పొడిదగ్గుగా పట్టుకుంది. మిరియాలు నమిలింది, వేడినీళ్ళు తాగింది, లాభం లేకపోయింది. చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వదిన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మందు రాయబోతూ ఆగి, "పడుకునే గదిలో ఏసీ ఉందా? దాన్ని శుభ్రం చేసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. వదిన నా వైపు చూసింది. నేను గోడమీద కేలండరు వైపు చూశాను.

బయటికి వచ్చాక వదిన ఊరుకుంటుందా! "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడ్డట్టుంది మన యవ్వారం. వాడేమో అక్కడ ఊరివాళ్ళ ఏసీలన్నీ తోముతున్నాడు. వాడి సొంత అక్క ఇక్కడ కూర్చుని బూజు పీలుస్తోంది" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.

తర్వాత మీరు వద్దన్న పని చేశాను. కోప్పడకండి, మెకానిక్‌ను పిలిచాను. అతను మూతైనా విప్పకుండా, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, "గ్యాసు అయిపోయిందమ్మా, మొత్తం నింపాలి" అన్నాడు.

"మీటరు పెట్టి చూపించు బాబూ."

"మీటరెందుకమ్మా, చెయ్యి పెడితే తెలిసిపోతుంది."

"చెయ్యి పెడితే తెలిసేది జ్వరం. మా ఆయన చేసేదీ ఈ పనే."

అతను స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని, "అయితే ఆయన్నే పిలిపించుకోండి" అన్నాడు. వచ్చినందుకు చార్జీ తీసుకుని మరీ వెళ్ళాడు. అంత మంచి సలహాకు ఆ డబ్బులు ఎక్కువేమీ కాదనిపించింది.

ఆదివారం నేనే స్టూలెక్కాను. మెయిన్ ఆపేశాకే ఎక్కాను, భయపడకండి. గాలిని వడకట్టే జాలీలు తీస్తే వాటిమీద దుమ్ము దుప్పటి మందాన పేరుకుని ఉంది. వాటిని కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టాను. కింద ప్లాస్టిక్ షీటు కట్టి, లోపలి రేకుల మీద లాండ్రీలో మేం చొక్కాలపై నీళ్ళు చిమ్మే సీసాతో చిమ్ముతూ, మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి తుడిచాను. నీళ్ళు పోయే గొట్టంలోకి సైకిలు పంపుతో గాలి కొడితే బయట గోడపక్కన జిగటగా ఒక ముద్ద పడింది. వదిన ముక్కు మూసుకుని, "ఇదా నేను రోజూ పీల్చింది!" అంది. గ్యాసుకేమీ కాలేదు. ఏసీ వేయగానే గది చల్లబడింది.

"ఇంత పని నీకెలా వచ్చిందే?" అని అడిగింది వదిన. ఇంకా స్టూలు పట్టుకునే ఉంది. ఆవిడ మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. ఆవిడకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

మీరు వెళ్ళేముందు నాకు ఇవన్నీ నేర్పి వెళ్ళారు. నెలకోసారి జాలీలు కడుక్కో, పైసా ఖర్చు లేని పని, అది మానేస్తేనే వేలకు వేలు వదులుతాయి అన్నారు. మీ మాట దాటకుండా ప్రతి నెలా కడిగాను. తర్వాత మీరు వస్తానన్న సెలవును వేసవి సీజనని వాయిదా వేశారు. సీజను అయ్యాక చలికాలంలో పార్టులు మార్చాలని ఇంకోసారి వేశారు. ఆ రోజునుంచి నేను జాలీలు ముట్టుకోలేదు. మరిచిపోయి కాదు, కావాలనే.

మీ టవర్లలో ఎవరు ఫిర్యాదు చేసినా గంటలో వాళ్ళ గుమ్మం ముందుంటానని రాస్తారు కదా. నేనూ ఒక ఫిర్యాదు చేస్తే వస్తారేమో అనుకున్నాను. మీరు లేక ఇల్లు ఇల్లులా లేదన్నది ఫిర్యాదు కింద లెక్కకొస్తుందో రాదో నాకు తెలియలేదు. నీళ్ళు కారడమైతే తప్పకుండా వస్తుందని తెలుసు. అందుకే నీళ్ళు కారనిచ్చాను. అది వదిన ఊపిరి మీదికి తెస్తుందని మాత్రం అనుకోలేదు. డాక్టరమ్మ అడిగినప్పటినుంచీ నాకు అన్నం సయించలేదు.

వదిన తిడుతుందనుకున్నాను. నిజంగానే తిట్టింది. "ఓసి పిచ్చిదానా! మొగుణ్ణి రమ్మని ఒక్క ముక్క రాయలేక నా ఊపిరితిత్తులు తాకట్టు పెట్టావటే!" అని నవ్వింది, నవ్వలేక దగ్గింది. నేను మంచినీళ్ళ గ్లాసు అందించి ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. ఆవిడ ఆ రాత్రి డ్యూటీకి సెలవు పెట్టింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం ఒకేసారి నిద్రపోయాం. ఇప్పుడు దగ్గు సగానికి తగ్గింది.

ఇక మీరడిగిన దానికి జవాబు. సంతకం పెట్టకండి. రెండేళ్ళ జీతం చిన్నదని కాదు. చొక్కాలు ఇస్త్రీ చేసే దానికి డబ్బు విలువ తెలియకుండా పోదు. కానీ ఇక్కడా ఇంటింటికీ ఏసీలున్నాయి, మూత విప్పి చూసే మెకానిక్కే లేడు. మీరొస్తే మన ముగ్గురికీ జరుగుబాటుకు లోటుండదు.

ఇంతకాలం మిమ్మల్ని పిలవడానికి ఏదో ఒక పని వెతుక్కున్నాను. ఇప్పుడు ఏసీ చక్కగా నడుస్తోంది, చప్పుడు లేదు, బకెట్ స్నానాలగదికి చేరిపోయింది. ఇంట్లో మీరొచ్చి బాగుచేయాల్సింది ఒక్కటీ లేదు.

ఊరికే రండి.

ఇట్లు,
మీ ఇంటావిడ