కౌంటర్ దగ్గర నువ్వు చెప్పిన బరువు

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఈ పదకొండు నెలలూ అందరూ నీ గురించి మంచే మాట్లాడారు. ఈ అమెరికా ఊళ్లో, షామ్‌బర్గ్‌లో, మన తెలుగువాళ్లు ఎవరింటికి వెళ్లినా అదే పాట... ఎంత డిసిప్లిన్, ఎంత చక్కగా ఉండేది మనిషి, అని. నేను ప్లేట్లో పులిహోర పెట్టుకుని, ఓ మూల కూర్చుని, తలూపుతూ తిన్నాను.

నాకు నీ మీద కోపంగా ఉంది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదట. ఈ రూలు ఎవరు పెట్టారో... పోబోయేవాళ్లే పెట్టి ఉంటారు.

గుండెపోటు నాకొస్తుందన్నావు, గుర్తుందా? "ఒసేయ్ సుధా, ఇట్లాగే తింటే నువ్వు ఫార్టీ దాటవు" అని నా పుట్టినరోజు నాడు, కేక్ ముందు, పదిమందిలో అన్నావు. అది నీకొచ్చింది. ఆఫీసు మెట్ల మీద, చేతిలో సలాడ్ డబ్బాతో. ఆ వారం అమ్మ వీడియో కాల్‌లో నన్ను అదోలా చూసింది. రావలసినదానికి రాకుండా దీనికెందుకొచ్చిందీ అన్నట్టు. ఆ చూపు కూడా నీ ఖాతాలోనే వేస్తున్నాను.

సరే, అసలు సంగతికొస్తాను. నిన్న నీ కూతుర్ని స్నోబోర్డింగ్‌కి తీసుకెళ్లాను, కాళ్లకి బోర్డు బిగించుకుని మంచు మీద జారే ఆ నీ ఆటకి.

అన్వికి పదమూడు నిండాయి. ఈ ఏడాదిలో బాగా ఎదిగింది. ముక్కు నీదే, కళ్లు బావవి. ఒళ్లు మాత్రం నాది... భుజాలు, తొడలు, పాదాలు అన్నీ నావే. నువ్వుంటే ఎంత బాధపడేదానివో!

పొద్దున్న నేను వెళ్లేసరికి బావ గరాజ్‌లో గోడకున్న నీ స్నోబోర్డు దించి కారులో పెడుతున్నాడు. అమ్మ బోర్డు మీద వెళ్తే పిల్లకి ధైర్యంగా ఉంటుందట. అన్వి దాన్ని పసిబిడ్డలా పట్టుకుని నిలబడింది. అది నీ బరువుకి, నీ పాదానికి కొన్న బోర్డు అక్కా. అన్వి నీకంటే యాభై పౌండ్లు ఎక్కువ ఉంది. వద్దన్నాను. బావ ముఖం నల్లబడింది. ఆమె జ్ఞాపకాన్ని కూడా ఓర్చుకోలేవా అని అడిగాడు. జ్ఞాపకం గోడకుంటే చాలు, పిల్ల కాళ్లకక్కర్లేదు అన్నాను. పక్కింటావిడ చెత్తడబ్బా తోసుకుంటూ వచ్చి, మా గొంతులు విని అక్కడే ఆగిపోయింది. చివరికి బోర్డు గోడకెక్కింది. బావ మాకు బై కూడా చెప్పకుండా లోపలికెళ్లిపోయాడు. ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె.

విస్కాన్సిన్‌లో మంచు కొండ దాకా రెండు గంటల డ్రైవ్‌లో అన్వి కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

అక్కడ బోర్డులు, బూట్లు అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర ఎప్పటిలాగే ఎత్తు, బరువు, బూట్ సైజు అడిగారు. బరువు అడగ్గానే అన్వి తడుముకోకుండా నూట ముప్ఫై అంది. అది నువ్వు రెండేళ్ల కింద దాని తరఫున చెప్పిన అంకె. అప్పటికే అది అబద్ధం!

ప్రతి చలికాలం ఆ కౌంటర్ దగ్గర అందరి జవాబులూ నువ్వే చెప్పేదానివి. ముందు నీ బరువు... లైన్లో చివరివాళ్లకి కూడా వినపడేలా. తర్వాత నాది, ఓ డెబ్బై పౌండ్లు కోసి, గొంతు తగ్గించి. నేను నోరు తెరవబోతే మోచేత్తో పొడిచేదానివి. "నీ వెయిట్ వాడికెందుకే? పరువు పోతుంది" అనేదానివి.

ఎవరి పరువు? ఆ కౌంటర్ మనిషేమైనా నాకు సంబంధం చూస్తున్నాడా? నా బరువుకి తగ్గ బోర్డు ఇవ్వడానికి అడిగాడు పాపం. నువ్వు చెప్పింది నమ్మి ఎవరో సన్నపాటి అమ్మాయికి సరిపోయే బోర్డు తెచ్చిచ్చేవాడు. పొట్టిది, ఇట్టే వంగేది, వెడల్పు లేనిది. దాని మీద నిలబడితే నా బూట్ల ముందు వేళ్లు, వెనక మడమలు అంచు దాటి బయటికొచ్చేవి. తిరగబోయిన ప్రతిసారీ అవి మంచుకి తగిలి నన్ను ఎత్తి పడేసేవి. కాస్త స్పీడ్ అందుకుంటే బోర్డంతా గడగడలాడేది. పిక్కల దగ్గర బూట్లు మూసుకునేవి కావు, కింద దాకా లేసులు వదిలేసుకుని దిగేదాన్ని. ఆరు చలికాలాలు నేను నేర్చుకున్నది బోర్లా పడటం ఒక్కటే.

నువ్వు సర్రుమని జారుతూ వచ్చి నా నెత్తిన నిలబడి అనేదానివి... "బోర్డులో ఏం తప్పు లేదే. నువ్వు తగ్గాలి, అంతే."

చిన్నప్పుడు నీ జాకెట్లు కుట్లు విప్పించి నాకు తొడిగేవాళ్లు. అప్పుడూ నీ మాట అదే. జాకెట్టులో తప్పు లేదు, దీని చేతుల్లోనే ఉంది అని. అప్పుడు నీకు తొమ్మిదేళ్లు, వదిలేశాను. తర్వాత కూడా ఎందుకంత కసి నీకు? ఎప్పుడైనా చెప్తావనుకున్నాను...

మొన్న డిసెంబర్లో ఒక్కదాన్నే కొండకి వెళ్లాను. నువ్వు లేవు కాబట్టి నా బరువు నేనే చెప్పుకున్నాను. రెండు వందల పదిహేను. ఆ మనిషి కనుబొమ్మ కూడా ఎత్తలేదు. లోపలికెళ్లి మగవాళ్ల వైపు నుంచి పొడవాటి, వెడల్పాటి, గట్టి బోర్డు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. పిక్కల దగ్గర వదులయ్యే బూట్లు ఇచ్చాడు.

నిలబడ్డాను. జారాను. తిరిగాను... ఏదీ తగల్లేదు. ఇంకోసారి తిరిగాను.

ఇంతేనా? ఇంతేనా అక్కా?

కొండ మధ్యలో కూలబడి నిన్ను తెలుగులో, నోటికొచ్చినట్టు, గట్టిగా తిట్టాను. పక్కన జారుతున్న ఓ పిల్లని వాళ్లమ్మ దూరంగా లాక్కుపోయింది.

అందుకే నిన్న నూట ముప్ఫై అని వినగానే ఊరుకోలేదు. కాదు, నూట డెబ్బై అని చెప్పాను. మొన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది నేనే కదా. గట్టిగానే చెప్పాను. మా వెనకున్న తెలుగు ఆంటీ ఒకావిడ అన్విని కింద నుంచి పైదాకా ఒకసారి కొలిచింది. నేను ఆవిణ్ణి అంతకంటే నిదానంగా కొలిచాను. తల తిప్పుకుంది.

అన్వి చెవులు ఎర్రబడ్డాయి. కళ్లనిండా నీళ్లతో నావైపు తిరిగి, బోర్డులో ఏం తప్పు లేదు పిన్నీ, నేను తగ్గాలి అంది. అచ్చం నీ మాట, అమెరికన్ యాసలో. నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఉత్తినే అనడం లేదు.

దానికని నేను కొన్న మంచు ప్యాంటు వేయించాను. నడుము దగ్గర పట్టీలు వదులు చేసుకునేది. పిల్ల ఇన్నాళ్లూ నీ పాత ప్యాంటు జిప్పు పట్టక, పైన జాకెట్ లాక్కుని తిరిగేది... నీకు కనపడలేదా? నూట డెబ్బైకి తగ్గట్టు ఇచ్చిన బోర్డు మీద బూట్లు రెండు వైపులా అంచులోపలే ఉన్నాయో లేదో నేనే వంగి చూశాను.

మొదట పడింది. మళ్లీ పడింది. నావైపు చూడలేదు. ఆ తర్వాత ఒక మలుపు తిరిగింది, కాస్త ఆగి ఇంకోటి. అంతే, కింద దాకా వెళ్లిపోయింది. నేను పైనుంచి అరిచాను, ఏమని అరిచానో కూడా తెలీదు.

నేనూ కిందికి జారాక, కొండపైకి మోసుకెళ్లే కుర్చీ లిఫ్ట్‌లో ఇద్దరం మళ్లీ పైకి వస్తున్నప్పుడు అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గాగుల్స్ నుదుటి మీదికి తోసుకుని, ఇన్నాళ్లూ నేను పడింది బోర్డు వల్లేనని అమ్మకి తెలుసా అని అడిగింది.

నీకు తెలుసు.

నువ్వు నీ బోర్డు కొన్న రోజు షాపులో నేను నీ పక్కనే ఉన్నాను. మూడు వారాలు రివ్యూలు చదివి వచ్చావు. వాళ్లు కాస్త పొడుగుది చూపిస్తే పక్కకి నెట్టేసి, "నా వెయిట్‌కి ఇది ఎక్కువ. బోర్డ్ ఎప్పుడూ వెయిట్‌ని బట్టే తీసుకోవాలి" అని నాకు పాఠం చెప్పావు. అప్పుడది నీ డాబు అనుకుని చెవిన పెట్టలేదు. డిసెంబర్లో కొండ మధ్య కూర్చున్నప్పుడు మాట మాటా గుర్తొచ్చింది. అంటే కౌంటర్ దగ్గర ఆ తప్పుడు అంకె చెప్పిన ప్రతిసారీ, అది నన్నేం చేస్తుందో నీకు తెలుసు. నీ కూతుర్ని ఏం చేస్తుందో కూడా తెలుసు. పరువు అంత ముఖ్యమా? పడితే సిగ్గొచ్చి తగ్గుతామనుకున్నావా? ఏమనుకున్నావు అక్కా...

చెప్పేయాలని ఉంది. డిసెంబర్ నుంచి ఆ మాటలన్నీ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. లిఫ్ట్ పైకి పోతూ ఉంది. పిల్ల నా నోటి వైపే చూస్తోంది.

తెలియదన్నాను. తెలిసుంటే అందరికంటే ముందు నీకే చెప్పేది అన్నాను.

అది ఊపిరి వదిలి నా భుజం మీద వాలింది. నువ్వు పోయాక మొదటిసారి, నేను చూస్తుండగా, నీకోసం వెక్కివెక్కి ఏడ్చింది. దాని దృష్టిలో నువ్వు మంచి అమ్మవి. అలా ఉంచింది నేను, నువ్వు కాదు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా దాని వీపు నిమురుతూ కూర్చున్నాను.

ఇప్పుడది మా సోఫాలో ఒళ్లు తెలీకుండా నిద్రపోతోంది. దానికి నిజం ఎప్పటికీ చెప్పను, ఆ మాట ఇస్తున్నాను. కానీ నీకు తెలుసు. నీకు తెలుసని నాకు తెలుసు.

వచ్చే శనివారం దానికి సొంత బోర్డు కొంటున్నాను. షాపులో బరువు అడుగుతారు. దాని అసలు బరువు అదే చెప్తుంది.

నువ్వు మాట్లాడకు.

సుధ