క్రాంక్ మీద నీ వేళ్ళు

మామా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ అంబాసిడర్ కారును పాత ఇనుముకు వేసేద్దామని మీ నాన్న అంటే, మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను. మదనపల్లె నుంచి నీ స్నేహితుడు, మెకానిక్ ఖాదరన్నను మన పుంగనూరికి పిలిపించాను. ఎట్లాగైనా అది మళ్ళీ రోడ్డు మీద తిరగాలి.

ఆ రోజు ఇంజన్‌లోంచి క్రాంక్ ఇరుసు తీసి, పెట్రోలుతో కడిగి, ఆయిల్ పూసే లోపలే నీకు గుండెనొప్పి వచ్చింది. ఆ క్రాంక్ గోనెపట్టా మీద అట్లే ఉండిపోయింది. ఇప్పుడు దాని ఒళ్ళంతా తుప్పు.

"పైపైన తుప్పేలేమ్మా, లోపలికి దిగలేదు. ఎమరీ పేపరుతో రుద్దితే పోతాది," అన్నాడు అన్న. "ఒట్టి చేతుల్తో పట్టుకోవద్దురా, చెమటకి తుప్పు పడతాదని నేనంటే యానాడన్నా విన్నాడా నీ మొగుడు? సూడు, తుప్పులో ఐదు వేళ్ళూ ఎట్ల దిగుండాయో!"

చూశాను. నీ వేళ్ళే, గీతలతో సహా.

"అన్నా, ఆ చోటు రుద్దకుండా బిగిస్తే కాదా?"

"ఆ తుప్పు బేరింగుల్ని కొరికేస్తాదమ్మా. బండి పలమనేరు దాకా కూడా పోదు."

ఎమరీ పేపరు నేనే అడిగి తీసుకున్నాను. ముందు నీ వేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి చూసుకున్నాను. నీ చేయి అంత పెద్దదని మర్చిపోయాను మామా.

తర్వాత రుద్దాను.